ఆఫీసు వాళ్లతో కలిసి థాయ్ భోజనానికి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆఫీసు విజయవాడ బందరు రోడ్డు మీద. ఊళ్లో కొత్తగా థాయ్ రెస్టారెంట్ తెరిచారని తెలిసినప్పటి నుంచి, లంచ్ బాక్సులు విప్పే వేళకి రోజూ అదే మాట. చివరికి ఒక శుక్రవారం ఏడుగురం వెళ్లాం. టేబుల్ బుక్ చేసింది నేనే కాబట్టి ఆ తర్వాత పక్క సెక్షన్ వాళ్లు, గుంటూరు బ్రాంచి వాళ్లు అందరూ నన్నే అడగడం మొదలుపెట్టారు. ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి మేము తెలియక చేసిన పొరపాటు మీ టేబుల్ దగ్గర జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

థాయ్ అంటే చైనీస్ లాంటిదేగా?

కాదు. బండి మీద దొరికే నూడుల్స్, మంచూరియా రుచిని మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశ పడతారు. పెద్ద మంట మీద బాణలిలో చకచకా వేయించే పద్ధతి, నూడుల్స్ చైనా వాళ్ల దగ్గర నుంచి వెళ్లినవే. కానీ థాయ్ వంటకి ప్రాణం రోట్లో నూరిన పచ్చి మసాలా ముద్ద, కొబ్బరిపాలు, పులుపు. ఉప్పు, పులుపు, కారం, తీపి నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలని చూస్తారు. పచ్చిపులుసులో చిన్న బెల్లం ముక్క వేసే ఇంట్లో పెరిగినవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. చింతపండు, తాటిబెల్లం, ఎండురొయ్యలు, కొబ్బరి, పచ్చిమిర్చి... మన కోస్తా వంటింట్లో లేనిది ఇందులో ఏముంది? నాకైతే చైనీస్ కంటే మన వంటే దీనికి దగ్గర చుట్టం అనిపించింది.

గుంటూరు కారం తినేవాళ్లం. మాకు చప్పగా ఉండదా?

గుంటూరు బ్రాంచి వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. చప్పగా ఉండదు. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం రకం సుమారు 35,000 నుంచి 40,000 మధ్య ఉంటుంది. థాయ్ వాళ్లు వాడే చిటికెన వేలంత చిన్న మిరపకాయ 50,000 నుంచి లక్ష దాకా వెళ్తుంది. అంకెల కంటే కారం పట్టే తీరు వేరు. మనది ఎండుకారం. నూనెలో వేగి, ముద్ద మింగాక గొంతులో నిలుస్తుంది. వాళ్లది పచ్చికారం. నిమ్మరసంలో దంచి వేస్తారు, నాలుక కొసనే చురుక్కుమంటుంది, కాసేపటికి దిగిపోతుంది. పండుమిర్చి పచ్చడి తినే మా స్టోర్స్ సార్ 'నాకు ఎక్కువ కారం వేయండి' అని చెప్పి, సలాడ్ రెండో చెంచాకే కళ్లు తుడుచుకున్నారు. మొదటిసారి మీడియం చెప్పండి. కారం ఎక్కువైతే మంచినీళ్లు తాగకండి. మిరపలోని క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కొబ్బరిపాల కూర ఒక చెంచా అన్నంలో కలుపుకుని తినండి.

ఇంకో మాట. మిరపకాయ వాళ్లదీ కాదు, మనదీ కాదు. అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ద్వారా ఆసియాకి వచ్చింది. అంతకుముందు ఇద్దరికీ మిరియాలే దిక్కు. మిరియం, మిరప అనే మాటలు మనకి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. థాయ్‌లో మిరపని ప్రిక్ అంటారు, మిరియాన్ని 'ప్రిక్ థాయ్' అంటారు. ఇది చదివినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది.

మెనూలో ఒక్క పేరూ అర్థం కావడం లేదు. ఎలా?

పేర్లు పొడుగ్గా కనిపిస్తాయి కానీ నాలుగైదు మాటలు తెలిస్తే చాలు. టామ్ అంటే ఉడికించింది, అంటే సూప్. ప్యాడ్ అంటే బాణలిలో వేయించింది. గేంగ్ అంటే కూర. ఖావ్ అంటే అన్నం. ఇక అందులో ఏముందో చెప్పే మాటలు: గై అంటే కోడి, గుంగ్ అంటే రొయ్య, ప్లా అంటే చేప, ము అంటే పంది మాంసం, నుఆ అంటే గొడ్డు మాంసం. చివరి రెండూ తినని వాళ్లు మన టేబుల్ దగ్గర తప్పకుండా ఉంటారు కాబట్టి ఆ మాటలు ముందే గుర్తుపెట్టుకోండి. గ్రీన్ కర్రీని 'గేంగ్ ఖియావ్ వాన్' అని రాస్తారు. ఖియావ్ అంటే ఆకుపచ్చ, వాన్ అంటే తీపి. తీపి అన్నారని కారం ఉండదనుకోకండి.

ఏడెనిమిది మందిమి వెళ్తే ఏమేం చెప్పాలి? ఎవరి ప్లేటు వాళ్లదేనా?

ఎవరి ప్లేటు వాళ్లు చెప్పుకుంటే థాయ్ భోజనం సగమే తిన్నట్టు. అన్నం ఒక్కటే ఎవరిది వాళ్లకి. మిగతావన్నీ టేబుల్ మధ్యలో పెట్టుకుని తలా రెండు చెంచాలు వేసుకోవడమే వాళ్ల పద్ధతి. పెళ్లి విస్తరిలో పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి అన్నీ ఉంటేనే భోజనం అనిపించినట్టు, ఇక్కడా ఒకటి పుల్లగా, ఒకటి కమ్మగా, ఒకటి కరకరలాడేలా ఉండాలి.

మేము రెండోసారి వెళ్లినప్పుడు బాగా కుదిరిన లెక్క చెప్తాను. ఏడుగురికి టామ్ యమ్ సూప్ రెండు గిన్నెలు, పచ్చి బొప్పాయి సలాడ్ ఒకటి, శాకాహార గ్రీన్ కర్రీ ఒకటి, చికెన్ మసమన్ కూర ఒకటి, ప్యాడ్ థాయ్ ఒకటి, తులసి చికెన్ ఒకటి, తెల్లన్నం. అన్నం ఒకసారి మళ్లీ తెప్పించాం. ఇంకేమీ మిగల్లేదు.

మసమన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్త రుచులంటే భయపడేవాళ్లకి ముందు అది పెట్టండి. ముస్లిం వంటల ప్రభావంతో పుట్టిన కూర అది. దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు, బంగాళాదుంప, వేరుశెనగ గుళ్లు ఉంటాయి. మన కుర్మా తిన్నవాళ్లు వెంటనే కలిసిపోతారు.

బొప్పాయి సలాడ్‌ని 'సోమ్ తమ్' అంటారు. దాన్ని నిజంగానే రోట్లో దంచుతారు. మేము కూర్చున్న చోటికి వంటింటి కిటికీ కనిపించేది. ముందు వెల్లుల్లి, మిరపకాయ, తర్వాత వేరుశెనగ, తాటిబెల్లం, నిమ్మరసం, ఆఖరున పచ్చి బొప్పాయి కోరు. ఒక చేత్తో రోకలి, ఇంకో చేత్తో చెంచా. దంచేది మెల్లగానే, చెంచాతో అడుగు నుంచి పైకి తిప్పుతూ. కోరు నలగకూడదు, రసం మాత్రం పట్టాలి. దోసకాయ రోటి పచ్చడిలో ముక్క నలగకుండా మా అమ్మ ఒకటే పోటు వేసి తీసేసేది, అది గుర్తొచ్చింది.

తులసి చికెన్, అంటే ప్యాడ్ క్రపావ్. అసలైతే అందులో వేసే ఆకు మన తులసి జాతిదే. పూజ చేసుకునే ఆకు మాంసంలో వేశారంటే మనసు ఒప్పనివాళ్లు ఉండొచ్చు. ఆ మాట ముందే చెప్పేయండి. చాలా చోట్ల దాని బదులు సోంపు వాసన వచ్చే థాయ్ బేసిల్ వేస్తారు, అదేనా అని అడిగితే చెప్తారు.

ప్యాడ్ థాయ్ అంటే చింతపండు పులుపుతో చేసే బియ్యపు నూడుల్స్. సయామ్ అనే పేరు థాయ్‌లాండ్‌గా మారింది 1939లో. ఆ రోజుల్లో ప్రధాని ప్లేక్ ఫిబున్‌సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం నూడుల్స్ తినమని జనానికి గట్టిగా ప్రచారం చేసింది. ఈ వంటకం దేశమంతా పాకడం అప్పుడే మొదలైంది.

మాలో శాకాహారులు ఉన్నారు. వాళ్లకి ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది. కానీ మెనూలో 'వెజ్' అని ఉంది కదా అని ఊరుకోకండి. మొదటిసారి మేము చేసిన పొరపాటు అదే.

మా అకౌంట్స్ మేడమ్ పుట్టినప్పటి నుంచి శాకాహారి. కూరగాయలతో చేసిన గ్రీన్ కర్రీ చెప్పాం. రెండు మూడు చెంచాలు తిని 'బాగుందమ్మా, కొబ్బరిపాల వాసన కమ్మగా ఉంది' అన్నారు. మాలో ఒక కుర్రాడు ఊరికే, ఈ ఘాటు వాసన దేనిదని వెయిటర్‌ని అడిగాడు. ఆ అబ్బాయి సంబరంగా 'మసాలా ముద్దలో రొయ్యల పేస్ట్ ఉంటుంది సార్, ఆ రుచి అదే' అన్నాడు. మేడమ్ చెంచా కింద పెట్టేశారు. ఒక్క మాట అనలేదు. నీళ్లు తాగి, టిష్యూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచారు. 'పర్లేదు, మీరు తినండి' అన్నారు. మాలో ఎవరికీ ఆ తర్వాత ముద్ద దిగలేదు. టేబుల్ బుక్ చేసింది నేను, అడగాల్సింది నేను. ఇంటికి వెళ్లాక ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

అందుకే వివరంగా చెప్తున్నాను. థాయ్ వంటలో ఉప్పదనం ఎక్కువగా ఫిష్ సాస్ నుంచి వస్తుంది. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసే రసం అది. కూర ముద్దల్లో రొయ్యల పేస్ట్ నూరతారు. బొప్పాయి సలాడ్‌లో ఎండురొయ్యలు దంచుతారు. కూరగాయల వేపుడులో ఆయిస్టర్ సాస్ పోస్తారు, అది ఆల్చిప్పల రసం. సూప్‌కి చికెన్ ఉడికించిన నీళ్లు వాడొచ్చు. ప్యాడ్ థాయ్‌లో గుడ్డు ఉంటుంది. కంటికి కనిపించేవి కూరగాయలు, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) మాత్రమే.

రెండోసారి ముందు రోజే రెస్టారెంట్‌కి ఫోన్ చేశాను. వంట మాస్టర్‌కి ఫోన్ ఇచ్చారు. రొయ్యల పేస్ట్ లేకుండా ముద్ద విడిగా నూరుతామని, ఫిష్ సాస్ బదులు ఉప్పు, సోయా సాస్ వేస్తామని, బాణలి కూడా విడిగా పెడతామని చెప్పారు. అడిగితే విసుక్కోలేదు. మేడమ్‌ని మళ్లీ రమ్మని పిలవడానికి నాకు ధైర్యం వచ్చింది ఆ ఫోన్ వల్లే.

ఫోన్‌లో ఏమని అడగాలి?

'వెజ్ ఉందా' అని అడగొద్దు, ఉందనే అంటారు. ఒక్కొక్క వస్తువు పేరు పెట్టి అడగండి. ఫిష్ సాస్, రొయ్యల పేస్ట్, ఆయిస్టర్ సాస్, గుడ్డు, చికెన్ నీళ్లు. ఈ ఐదూ లేకుండా ఏయే వంటలు చేయగలరో చెప్పమనండి. ముద్ద బయట కొన్న డబ్బాదా, అక్కడే నూరినదా అని కూడా అడగండి. డబ్బాదైతే అందులోంచి రొయ్యని తీయడం ఎవరి వల్లా కాదు.

ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్లుంటే?

కూర ముద్దల్లో చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి తప్పవు. థాయ్‌లాండ్‌లో 'జే' అని ఒక నియమం ఉంది, అందులో మాంసం, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. ఇక్కడి వంటింట్లో ఆ ఏర్పాటు ఉంటుందని ఆశ పెట్టుకోకండి. నా మాట వింటే కార్తీకమాసంలో ఈ ప్రోగ్రామ్ పెట్టుకోకండి. సగం మంది ఖాళీ ప్లేటు ముందు కూర్చోవడం బాగుండదు. శనివారం నాన్‌వెజ్ మానేవాళ్లు మనలో చాలామంది, అది కూడా చూసుకుని రోజు పెట్టండి.

వేరుశెనగ పడదు, రొయ్య పడదు అనేవాళ్ల సంగతి?

ఇక్కడ మొహమాటం పనికిరాదు. వేరుశెనగ పొడి పైన చల్లుతారు, మసమన్‌లో గుళ్లు వేస్తారు, ఒకే గరిట రెండు వంటల్లో తిరుగుతుంది. ఒంటి మీద దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటి చరిత్ర ఉంటే ఈ భోజనానికి రాకపోవడమే క్షేమం. వాళ్ల కోసం అందరూ ఇంకో హోటల్‌కి వెళ్తే తప్పేమీ లేదు. గర్భంతో ఉన్న కొలీగ్‌కి పచ్చి బొప్పాయి సలాడ్ బలవంతంగా వడ్డించకండి. ఇంట్లో పెద్దవాళ్లు వద్దనే కాయ అది.

సూప్‌లో పుల్లలు, ఆకులు వస్తున్నాయి. నమలాలా?

నమలక్కర్లేదు. ఆ పుల్లలు నిమ్మగడ్డి. అల్లంలా కనిపించే గట్టి ముక్కలు గలంగల్, మన ఆయుర్వేద దుకాణాల్లో దుంపరాష్ట్రం అంటారు. ఆకులు నిమ్మజాతి చెట్టువి. మజ్జిగలో దబ్బాకు తుంచి వేస్తే వచ్చే వాసనకి బాగా దగ్గర. వాసన దింపి వాటి పని అవి ముగించాయి. చారులో కరివేపాకు పక్కన పెట్టినట్టు పక్కన పెట్టేయండి. మా కుర్రాడు గలంగల్ ముక్కని చికెన్ అనుకుని కొరికాడు, పాపం చాలాసేపు పళ్లు జివ్వుమన్నాయట.

రొయ్యలతో చేసే ఆ సూప్‌ని, అంటే టామ్ యమ్ గుంగ్‌ని, 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నంలో కలుపుకుని తిని చూడండి. రసం అన్నంలా ఉంటుంది, అది నా మనస్ఫూర్తి మాట.

చాప్‌స్టిక్స్ రావు. నవ్వుతారా?

థాయ్ వాళ్లు అన్నం తినేది చెంచాతోనే. ఫోర్కుతో చెంచాలోకి తోసుకుంటారు. చాప్‌స్టిక్స్ ఎక్కువగా నూడుల్స్ సూప్‌కే. థాయ్‌లాండ్ ఈశాన్యంలో ఈసాన్ అనే ప్రాంతంలో జిగురు బియ్యపు అన్నాన్ని చేత్తోనే ముద్దలు చేసుకుని తింటారు. కాబట్టి చెయ్యి కడుక్కుని హాయిగా కలుపుకోండి.

అన్నం అంటుకుంటోంది. సరిగా వండలేదా?

సరిగానే వండారు. జాస్మిన్ బియ్యం అలాగే మెత్తగా, కాస్త అంటుకున్నట్టు ఉంటుంది, మంచి సువాసన వస్తుంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పొడిపొడిగా తిని పెరిగిన మనకి మొదట తేడాగా అనిపిస్తుంది. కొబ్బరిపాల కూర పల్చగా ఉంటుంది కాబట్టి ఆ అన్నమే దాన్ని పట్టుకుంటుంది.

గంటలో తిని ఆఫీసుకి తిరిగి రాగలమా?

ఒంటి గంటకి బయల్దేరితే కష్టం. బెంజి సర్కిల్, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో పావుగంట పోతుంది. మేనేజర్‌ని అడిగి పన్నెండున్నరకే బయల్దేరండి, ఏమేం కావాలో ఉదయమే ఫోన్‌లో చెప్పేయండి. కూరలు త్వరగా వస్తాయి, వేపుళ్లు ఒక్కో బాణలి చొప్పున చేయాలి కాబట్టి ఆలస్యమవుతాయి.

బిల్లు ఎలా పంచుకోవాలి? సర్వీస్ ఛార్జీ ఇవ్వాలా?

మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. బిల్లు మీద రెండున్నర, రెండున్నరగా కనిపిస్తుంది. 4,000 రూపాయల భోజనానికి 200. సర్వీస్ ఛార్జీ వేరే సంగతి, అది పన్ను కాదు. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటే నిలబెట్టింది. కలిపితే తీసేయమని మర్యాదగా చెప్పండి. వినకపోతే 1915 నంబరుకి ఫిర్యాదు చేయొచ్చు. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే మాత్రం చేతికి ఏదైనా ఇవ్వండి.

మేము రొయ్యల వంటల ఖర్చు తిన్నవాళ్ల మధ్యే పంచుకుంటాం. శాకాహారుల మీద ఆ భారం వేయడం నాకు న్యాయంగా అనిపించదు.

తీపి ఏం చెప్పాలి?

మామిడిపండ్ల రోజులైతే మ్యాంగో స్టికీ రైస్. వేరే ఆలోచన వద్దు. జిగురు బియ్యపు అన్నంలో తీపి కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పు, పక్కన మామిడిపండు ముక్కలు. పెరుగన్నంలో మామిడిపండు నంజుకునే వాళ్లకి వేరే చెప్పాలా? మాకు బంగినపల్లి ముక్కలు పెట్టారు. సీజన్ కాకపోతే వదిలేయండి.

మిగిలింది పార్సిల్ కట్టించుకోవచ్చా?

కూర అయితే కట్టించుకోండి, నూడుల్స్ వద్దు, సాయంత్రానికి ముద్దయిపోతాయి. కొబ్బరిపాల కూర బెజవాడ ఎండలో బండి డిక్కీలో ఉంచితే పాడవుతుంది. ఆఫీసుకి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, రాత్రికి బాగా వేడి చేసి తినేయండి.

మూడోసారి వెళ్లినప్పుడు అకౌంట్స్ మేడమ్ విడిగా చేయించిన గ్రీన్ కర్రీ ఒక డబ్బా కట్టించుకుని వెళ్లారు. మర్నాడు ఉదయం వస్తూనే నా సీటు దగ్గరికి వచ్చి చెప్పారు. వాళ్ల అత్తగారు అన్నంలో కలుపుకుని తిని, 'ఇందులో దబ్బాకు వేశారా అమ్మాయ్?' అని అడిగారట.